చెవులు ముడివేసుకున్న కుందేలు

పోయిన క్రిస్మస్ సెలవులకు మా అమ్మాయి కొడుకు ఊరికి వచ్చినప్పుడు సంచిలో బట్టలకంటె పుస్తకాలే ఎక్కువ తెచ్చాడు. చాలా సంతోషించాను. తీరా తెరిచి చూస్తే అన్నీ బొమ్మల కథలు! అమెరికాలో ఉన్న వాళ్ల బాబాయి పంపించాడట. పైనున్న పుస్తకం అట్టమీద ఒక కుందేలు. నడుముకు రెండు కత్తులు. రెండు చెవులనూ కలిపి నెత్తిన జుట్టుముడిలాగ కట్టుకుంది.

"పదకొండేళ్లు వచ్చాయి, ఇంకా కుందేలు బొమ్మలేమిట్రా?" అని కోప్పడ్డాను.

వాడేమీ అనలేదు. సంచి అడుగునుండి ఇంకొక పుస్తకం తీసి, "తాతయ్యా, ఇది నువ్వు చదువు. ఇందులో మన క్రైస్తవులున్నారు" అన్నాడు.

ఆ రాత్రి భోజనాలయిన తరువాత కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే గాని, బొమ్మల కథకు అది చాలు. పుస్తకం పూర్తయ్యేసరికి పదకొండు దాటింది. మరుసటి రోజు వాడిని కూర్చోబెట్టుకుని, ఈ బొమ్మలు వేసిన మనిషి ఎవరో చెప్పమన్నాను. వాడికి తెలిసింది వాడు చెప్పాడు. మిగిలినది తరువాత నేను అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్నకొద్దీ, ఒక మనిషి నలభై ఏళ్లపాటు నెలనెలా ఒకే పనిని ఎలా చేసుకుంటూ వచ్చాడా అన్నదే నన్ను పట్టుకుంది.

ఆయన పేరు స్టాన్ సకాయి. 1953లో జపాన్‌లోని క్యోటో పట్టణంలో పుట్టారు. తండ్రి జపాన్ సంతతికి చెందిన అమెరికా సైనికుడు, తల్లి జపాన్ స్త్రీ. పిల్లవాడికి రెండేళ్లప్పుడు కుటుంబం హవాయి దీవులకు వచ్చేసింది. అక్కడ ఇంటికి దగ్గరలోని సినిమా హాలులో శనివారం శనివారం జపాన్ కత్తియుద్ధాల సినిమాలు ఆడేవట. ఆ సినిమాలు చూస్తూ పెరిగిన ఆ పిల్లవాడు హవాయి విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువుకుని, తరువాత కాలిఫోర్నియాకు వెళ్లి స్థిరపడ్డారు.

కుందేలు పుట్టిన కథ చిన్నదే. జపాన్ చరిత్రలో మియమోతో ముసాషి అనే పేరుపొందిన ఖడ్గవీరుడున్నాడు. ఆయన జీవితాన్ని ఆధారం చేసుకుని ఒక బొమ్మల కథ వేద్దామని సకాయి కాగితంమీద గీతలు గీస్తున్నారు. ఆ కాలపు సమురాయ్ వీరులు నెత్తిన జుట్టు ముడివేసుకునేవారు. గీస్తూ గీస్తూ ఒకసారి కుందేలును వేసి, దాని చెవులను అలా పైకి కట్టారు. అది బాగున్నట్లు తోచింది. మనిషి పోయి కుందేలు నిలిచింది. కథ పేరు ఉసాగి యోజింబో. జపాన్ భాషలో ఉసాగి అంటే కుందేలు, యోజింబో అంటే అంగరక్షకుడు. ప్రభువు యుద్ధంలో చనిపోగా దిక్కులేనివాడై, కొలువు లేకుండా ఊరూరా తిరిగే సమురాయ్ అతడు. కథాకాలం పదిహేడవ శతాబ్దపు తొలినాళ్లు. 1984 నవంబరులో ఒక చిన్న పత్రిక రెండవ సంచికలో అతడి మొదటి కథ వచ్చింది. 1987 నుండి అతడి పేరుతోనే సొంత పత్రిక మొదలయింది.

సొంత చేను, కూలి పని

మన చందమామలో బొమ్మలు వేసిన శంకర్, వడ్డాది పాపయ్య గార్లను మన తరంవారు ఎన్నడూ మరచిపోరు. వారు ఒక సంస్థ పత్రికకు పనిచేశారు, కథలు వేరొకరు రాశారు. అమెరికాలో కూడా పెద్ద కామిక్ పుస్తకాలు సామాన్యంగా అలాగే తయారవుతాయి. ఒకరు కథ రాస్తారు, ఒకరు పెన్సిలుతో గీస్తారు, మరొకరు సిరా దిద్దుతారు, ఇంకొకరు మాటలు రాస్తారు, రంగులు వేరొకరు వేస్తారు. ఆ పాత్ర మాత్రం కంపెనీది. గీసినవాడు వెళ్లిపోయినా పాత్ర అక్కడే ఉంటుంది.

సకాయి ఆ దారిన వెళ్లలేదు. కథ, పెన్సిలు, సిరా, అక్షరాలు అన్నీ ఆయనవే. కుందేలుమీద హక్కు కూడా ఆయనదే. ప్రచురణ సంస్థ కేవలం అచ్చువేసి అమ్ముతుంది. మొదటి సంస్థ దగ్గర 38 సంచికలు వచ్చాయి. 1993లో వేరొక సంస్థకు మారారు. అక్కడ 16 సంచికలతో 1995లో ఆగిపోయింది. 1996లో డార్క్ హార్స్ అనే సంస్థ తీసుకుంది. సంస్థలు మారినప్పుడల్లా ఆయన కుందేలును వెంటపెట్టుకుని నడిచారు. కౌలుదారుకు, సొంత చేను ఉన్నవాడికి తేడా మన పల్లెల్లో వేరే చెప్పనక్కరలేదు గదా.

అయితే సొంత చేను ఉన్నంతమాత్రాన వెంటనే కడుపు నిండదు. అందుకే ఆయన కూలి పని కూడా చేశారు. ఆ కూలి ఏమిటంటే, ఇతరుల బొమ్మల కథలలో మాటలు రాయడం. పాత్రల నోటిముందు బుడగలాగ ఒక గీత గీసి అందులో సంభాషణ రాస్తారు చూడండి, దానిని లెటరింగ్ అంటారు. సెర్జియో అరగోనెస్ అనే హాస్య చిత్రకారుడి "గ్రూ" అనే బొమ్మల కథకు అక్షరాలు రాసింది సకాయిగారే. స్టాన్ లీ పేరుతో వార్తాపత్రికలలో వచ్చిన స్పైడర్ మాన్ ఆదివారపు పుటలకు కూడా ఏళ్ల తరబడి ఆయనే రాశారు. పేరున్న చిత్రకారుడైన తరువాత కూడా ఆ పని మానలేదు. ఇతరుల మాటలను పొందికగా రాసిన ఆ డబ్బే ఎన్నో నెలలు కుందేలును బ్రతికించింది. నాకు ఈ సంగతి ఆయన అందుకున్న బహుమానాలన్నిటికంటె గొప్పగా తోచింది.

ఒక నెల

ఒక నెల ఎలా గడుస్తుందో చూడండి. సంచికకు సుమారు 24 పుటల కథ కావాలి. నెలకు ముప్పై రోజులు. ఆదివారాలు తీసివేస్తే ఇరవై ఆరు. కథ ఆలోచించడానికి, చదువుకోవడానికి కొన్ని రోజులు పోతే, మిగిలిన ప్రతిరోజూ ఒక పుటకు మించి పూర్తి కావాలి. పైన ముఖచిత్రం ఉండనే ఉన్నది. దానిపైన కూలి పని.

ముందుగా కథను క్లుప్తంగా రాసుకుంటారు. తరువాత చిన్న కాగితాలమీద అగ్గిపెట్టెలంత బొమ్మలతో పుట తరువాత పుట వేసుకుంటారు. ఎక్కడ ఎవరు మాట్లాడాలి, పుట తిప్పగానే ఏమి కనబడాలి అన్నది ఇక్కడే తేలిపోతుంది. ఆ తరువాత పెద్ద అట్టకాగితం. ఇటువంటి బొమ్మలను అచ్చయ్యే పుటకంటె సుమారు ఒకటిన్నర రెట్లు పెద్దగా వేస్తారు. అచ్చులో చిన్నది చేసినప్పుడు గీతలు ముచ్చటగా కుదురుకుంటాయి. పెన్సిలు గీత, చేతితో రాసిన అక్షరాలు, చివరకు సిరా. సిరా పడితే వెనక్కి తీసుకోవడం కష్టం.

ఆలస్యం చేయడానికి కూడా వీలు లేదు. అక్కడ కామిక్ దుకాణాలవారు రెండు మూడు నెలల ముందే ఇన్ని ప్రతులు కావాలని ఆర్డరు పెడతారు. అమ్ముడుపోకపోతే తిరిగి ఇచ్చే పద్ధతి సాధారణంగా లేదు, నష్టం దుకాణదారుడిదే. కాబట్టి చెప్పిన నెలలో సంచిక రాకపోతే తరువాతి నెలకు అతడు ఆర్డరు తగ్గిస్తాడు. పెద్ద కంపెనీ అయితే ఇంకొక చిత్రకారుడిని కూర్చోబెడుతుంది. ఒంటరివాడికి ఆ వసతి ఏది? జ్వరం వచ్చినా పుట పుటే.

అంత తొందరలో కూడా ఆయన చదువు మానరు. గాలిపటం చేసేవాడిమీద ఒక కథ ఉన్నది. వెదురు ఎలా చీల్చాలి, కాగితం ఎలా అతకాలి, అంత పెద్ద గాలిపటాన్ని ఎలా పైకి లేపాలి అన్నీ అందులో కనబడతాయి. కత్తి చేసే కమ్మరి పనిని ఇంకొక కథలో చూపించారు. ఇనుమును కాల్చి, మడిచి, మళ్లీ కాల్చి కొట్టే ఆ పుటలు చూస్తుంటే మా ఊరి కొలిమి గుర్తుకు వచ్చింది. జపాన్ రాజవంశపు పవిత్ర ఖడ్గాన్ని గురించి వేసిన "గ్రాస్‌కట్టర్" అనే పెద్ద కథకు 1999లో ఐస్నర్ అవార్డు వచ్చింది. అమెరికాలో కామిక్ రంగంలో అది పెద్ద గౌరవం. 2020లో ఆ అవార్డులవారి గౌరవ పీఠంలో కూడా ఆయన పేరు చేర్చారు.

పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అని తల్లిదండ్రులు అడుగుతారు గనుక చెబుతున్నాను. కత్తులున్నాయి, చావులున్నాయి. అయితే రక్తం పారించి చూపించడం ఆయన పద్ధతి కాదు. ఎవరైనా చనిపోతే వాడి నోటిదగ్గర ఉండే బుడగలో మాటలకు బదులు ఒక చిన్న పుర్రె కనబడుతుంది, అంతే. కథ మధ్యలో ఎక్కడ చూసినా చిన్న చిన్న తొండలు పరుగెత్తుతుంటాయి. కథకు వాటితో పనేమీ లేకపోయినా పిల్లలు వాటినే వెదుకుతారు. మావాడు ఒక పుటలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు చెప్పేవాడు. పిల్లలకు తగిన మంచి పుస్తకాలను ఎంచి ఇచ్చే పేరెంట్స్ చాయిస్ అవార్డు 1990లోనే దీనికి వచ్చింది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం పెద్దలు ప్రక్కన కూర్చుని చదివించడం మేలని నా అభిప్రాయం.

దాగి బ్రతికినవారు

ఇక మావాడు నాకిచ్చిన పుస్తకం. దాని పేరు "ది హిడెన్", అంటే దాగినవారు. 2018లో ఏడు సంచికలుగా వచ్చింది. ఊరిలో జరిగిన హత్యను ఇషిదా అనే పోలీసు అధికారి విచారణ చేస్తుంటాడు. కుందేలు అతడికి తోడు. జాడ పట్టుకుని వెళ్లగా వెళ్లగా, ప్రభుత్వం నిషేధించిన విశ్వాసాన్ని రహస్యంగా కాపాడుకుంటున్న క్రైస్తవుల దగ్గరకు చేరుతుంది. ఈ ఇషిదా పాత్రకు మూలం హోనలూలులో నిజంగా పనిచేసిన చాంగ్ అపానా అనే డిటెక్టివ్. ఆయన హవాయిలో పేరుపొందిన మనిషి, సకాయి పెరిగింది కూడా అక్కడే.

బొమ్మల కథ కల్పితమేగాని దాని వెనుకనున్న చరిత్ర కల్పితం కాదు. మన దేశపు దక్షిణ తీరంలో పనిచేసిన కథోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్‌లోని కగోషిమాలో దిగాడు. యాభై ఏళ్లు తిరగకముందే హింస మొదలయింది. 1597 ఫిబ్రవరి 5న నాగసాకి కొండమీద 26 మందిని సిలువ వేశారు. 1614లో ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవ మతాన్ని నిషేధించింది. అనుమానం వచ్చిన వారి ముందు క్రీస్తు బొమ్మనో మరియ బొమ్మనో పెట్టి దానిని త్రొక్కమనేవారు. త్రొక్కితే ఇంటికి, త్రొక్కకపోతే చెరసాలకు లేక చావుకు. బోధకులు లేరు, సభలు లేవు, బైబిలు లేదు. అయినా పల్లెల్లోని రైతులు, చేపలు పట్టేవారు తమలో తామే పిల్లలకు బాప్తిస్మమిచ్చుకుంటూ, ప్రార్థనలు కంఠస్థం చేయిస్తూ తరతరాలు నిలిచారు. 1865 మార్చిలో నాగసాకిలో కొత్తగా కట్టిన గుడికి కొందరు పల్లెవాళ్లు వచ్చి, తమ హృదయం మీ హృదయం ఒకటేనని అక్కడి ఫ్రెంచి పాదిరికి మెల్లగా తెలియజేశారు. రెండు వందల ఏళ్లకు పైగా దాగిన విశ్వాసులు అలా బయటపడ్డారు. నిషేధపు పలకలు తీసివేసింది 1873లో.

ఈ చరిత్ర నాకు కొంత తెలుసు. పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో చెప్పారు. కాని ఒక కుందేలు సమురాయ్ ప్రక్కన నిలబడి చూసినప్పుడు వేరుగా ఉన్నది. ఎందుకంటే కుందేలు క్రైస్తవుడు కాడు. చట్టం వీరిని పట్టుకోమంటుంది. వీరికి మాత్రం ఎదుట కనబడేది భయంతో ముడుచుకుపోయిన మామూలు మనుషులు. ఆ ఇబ్బందిని సకాయి ఎవరి పక్షమూ వహించి ఉపన్యాసం చెప్పకుండా, ముఖాలలో చూపించారు. కుందేలు ముఖంలో అంత విచారం ఎలా పెట్టగలిగారో నాకు తెలియలేదు. రెండు గీతలు, ఒక చుక్క.

గీత ఆగిన రోజులు

ఇంటిలో మాత్రం ఆయనకు కష్టం వచ్చింది. భార్యకు మెదడులో కణితి. ఏళ్ల తరబడి ఆమె దానితో బాధపడ్డారు. చివరి సంవత్సరాలలో మంచంమీదనే ఉండవలసి వచ్చింది. పగలూ రాత్రీ మనిషి కావాలి. నెలనెలా రావలసిన వరుస 2012లో ఆగింది. మొదట ఆగడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. జపాన్ చరిత్రలో ప్రసిద్ధమైన నలభై ఏడుగురు సమురాయ్‌ల గాథకు ఆయన బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నారు. ఆ పని అయిన తరువాత కూడా పాత వేగం వెంటనే రాలేదు.

సొంత చేను గలవాడి కష్టం ఇక్కడే తెలుస్తుంది. హక్కులన్నీ తనవే, నిజమే. కాని జీతంతో సెలవు ఇచ్చే యజమాని లేడు. గీయకపోతే రాబడి లేదు. మందుల ఖర్చు, మనుషుల ఖర్చు బీమాను దాటిపోయింది. మన ఊళ్లలో ఇలాంటి కుటుంబాలు ప్రతి వీధిలో ఉన్నాయి. దర్జీ చేయి విరిగితే, తాపీమేస్త్రి నడుం పడిపోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మనకు తెలుసు.

అప్పుడు తోటి చిత్రకారులు ఒక పని చేశారు. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలోని వారి సంఘం అందరికీ కబురు పెట్టింది.  ఒక్కొక్కరినీ ఆ కుందేలును తమ పద్ధతిలో ఒకసారి గీసి పంపమన్నారు. వంద మందికి పైగా పంపించారు. పేరున్న పెద్దవారున్నారు, నిన్న మొన్న మొదలుపెట్టినవారున్నారు. ఆ అసలు బొమ్మలను వేలం వేశారు. 2014లో, కుందేలు పుట్టిన ముప్పయ్యవ ఏట, వాటన్నిటినీ కలిపి డార్క్ హార్స్ సంస్థ "ది సకాయి ప్రాజెక్ట్" అనే పుస్తకంగా అచ్చువేసింది. వచ్చినదంతా వైద్యపు ఖర్చులకు.

ఇతరుల మాటలకు ఏళ్లపాటు అక్షరాలు దిద్దిన మనిషికి ఇతరుల చేతులు ఇలా తిరిగి వచ్చాయి. ఆ పుస్తకాన్ని కూడా మావాడి బాబాయి పంపాడు. తిప్పుతుంటే ఒక్క కుందేలూ ఇంకొకదానిలాగ లేదు. ఒకరు లావుగా వేశారు, ఒకరు ముసలివాడిగా వేశారు. చెవుల ముడి మాత్రం అందరూ వేశారు.

ఆ సంవత్సరం నవంబరులో ఆయన భార్య కన్నుమూశారు.

2015లో పత్రిక మళ్లీ మొదలయింది. కుందేలు మళ్లీ దారి పట్టాడు. మూడేళ్ల తరువాత "దాగినవారు" కథ వచ్చింది. ఆ పుస్తకంలోని ఆ విచారం ఎక్కడిదో నాకు తరువాత కొంత అర్థమయినట్లు తోచింది. ఇది నా ఊహే, ఆయన అలా అన్నారని కాదు.

ఆ తరువాత కూడా ఆయన ఆగలేదు. 2019లో ఇంకొక ప్రచురణ సంస్థకు మారి, కథలను రంగులలో ఇవ్వడం మొదలుపెట్టారు. రంగులు వేసింది టామ్ లూత్, "గ్రూ"కు వేసిన ఆయనే. పాత స్నేహాలు ఎలా నిలుస్తాయో చూడండి. 2022లో ఈ కుందేలు వంశంలో పుట్టిన ఇంకొక కుందేలు కథను టీవీ ధారావాహికగా తీశారు. మావాడికి అది అంతగా నచ్చలేదు. 2023లో సకాయి తన సొంత ముద్ర పెట్టుకుని తిరిగి డార్క్ హార్స్ దగ్గరకు వచ్చారు. మంచు నేపథ్యంగా ఒక కథ, దాని తరువాత "కాకి" అనే పేరుతో 2024లో ఇంకొకటి, 2025లో ప్లమ్ చెట్ల పేరుతో మరొకటి వచ్చాయి. డెబ్బై దాటిన వయస్సు. మొత్తం సంచికలు రెండు వందలు ఎప్పుడో దాటిపోయాయి. కథ, గీత, అక్షరం ఇప్పటికీ ఆయన చేతివే.

సెలవులు అయిపోయేముందు మావాడు బజారుకు వెళ్లి గీతలు లేని తెల్ల నోటుపుస్తకం కొనుక్కొచ్చాడు. నెలకొక కథ వేస్తానని వాళ్లమ్మమ్మతో చెప్పాడు. పొట్టేలు సమురాయ్ అట. రెండు రోజులు తిండి ధ్యాస లేకుండా గీశాడు. మూడో పుట దగ్గర పెన్సిలు పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, కొమ్ములను ముడివేయడం ఎలాగ?" అన్నాడు.